గోడ ముందా, గోడ కట్టేవాడు ముందా?

గత వానాకాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘ యౌవనస్థుడొకడు అందరూ వెళ్ళిపోయేదాకా వెనక బల్ల మీదే కూర్చున్నాడు. కుప్పం వైపు కుర్రవాడు. డిప్లొమా చదివి, హోసూరు దగ్గర ఒక పెద్ద షెడ్డు కట్టే సైటులో సబ్‌కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరుగా చేసేవాడు. మేము వెళ్ళి పక్కన కూర్చుంటే, "అయ్యగారూ, నేను చెప్పి ఉంటే ఆ అబ్బాయి కాలు విరిగేది కాదు" అన్నాడు.

జరిగింది ఇది. ముందురోజు రాత్రి వాన పడింది. మర్నాడు స్లాబు. సెంట్రింగు కింద నిలబెట్టిన జాకీల దగ్గర మట్టి మెత్తబడిందని మొదట చూసినవాడు ఒడిశా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కూలి. తనకు వచ్చిన హిందీలో మేస్త్రీకి చెప్పాడు. మేస్త్రీకి హిందీ అంతంతమాత్రం. పైగా కాంక్రీటు లారీలు గేటు దగ్గర వరుసగా నిలబడి ఉన్నాయి. "నీ పని నువ్వు చూసుకో" అన్నాడు. మా కుర్రవాడికి ఆ మాట సగం వినబడింది, సగం అర్థమైంది. పని ఆపమని పైవాళ్ళకు ఫోన్ చేయాలా అని ఒక్క నిమిషం ఆలోచించాడు. అంతకుముందు నెల ఇలాగే పని ఆపినతనికి ఆ రోజు కూలి కోసి, అందరి ముందూ తిట్టారు. అది గుర్తొచ్చి ఫోన్ జేబులోనే ఉంచేశాడు. మధ్యాహ్నానికి ఒక పక్క సెంట్రింగు కుంగింది. దేవుని కృపవల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. మొదట చూసి చెప్పిన ఆ అబ్బాయికే తొడ ఎముక విరిగింది.

ఆ సైటు ఆఫీసు గోడ మీద "మనమంతా ఒకే టీం" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుందని చెబుతూ మా కుర్రవాడు ఏడ్చాడు.

ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పేరు మార్చి చెప్పుకుంటే ఇలాంటి కథ మన ప్రాంతంలో ఎన్నో సైట్లకు సరిపోతుంది. ఆ ఆదివారం నుంచి మమ్మల్ని వదలని ప్రశ్న ఒకటుంది. ప్రమాదాన్ని కళ్ళారా చూసినవాడి మాట నిర్ణయం తీసుకునేవాడి చెవి దాకా ఎందుకు చేరలేదు? నాయకత్వం గురించి, టీం గురించి ఇవాళ వినిపించే పెద్ద పెద్ద మాటలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్న ముందు నిలబెట్టి చూడాలని మా అభిప్రాయం.

ప్రాజెక్టుల నేల

మన ప్రాంతం సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. హోసూరులో సిప్‌కాట్ పారిశ్రామికవాడ 1970లలో మొదలైంది. తర్వాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాయి. 2004లో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. కెలమంగలం వైపు టాటా ఎలక్ట్రానిక్స్ వచ్చింది. పోచంపల్లి దగ్గర, అంటే చీరల పోచంపల్లి కాదు, మన కృష్ణగిరి జిల్లా పోచంపల్లి దగ్గర, ఓలా స్కూటర్ల కర్మాగారం 500 ఎకరాల్లో లేచింది.

పెద్ద కంపెనీల పేర్లు అందరికీ తెలుసు. వాటి వెనక ఉన్న పని తీరు మాత్రం బయటివాళ్ళకు అంతగా తెలియదు. ఒక షెడ్డు కట్టాలి, ఒక కొత్త మోడలుకు డై తయారుచేయాలి, ఒక లైను బిగించాలి, ఒక రోడ్డు వెడల్పు చేయాలి. ఇలా ప్రతిదీ ఒక ప్రాజెక్టు. ఆర్డరు వస్తే టీం కూడుతుంది, పని అయిపోతే చెదిరిపోతుంది. చిన్న చిన్న టూల్ రూములూ, జాబ్ వర్కు యూనిట్లూ అన్నీ ఇలాగే బతుకుతున్నాయి. సైటులో తమిళ ఇంజినీరు, తెలుగు సూపర్‌వైజరు, కన్నడ డ్రైవరు, ఒడిశా, బిహారు, జార్ఖండ్ కూలీలు. మూడు నెలల క్రితం వీళ్ళలో ఎవరికి ఎవరూ తెలియదు. ఇంకో మూడు నెలలకు మళ్ళీ ఎవరి దారి వారిది. ఇంతలోనే ఒకరి ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టి పని చేయాలి.

పది మంది పాతికేళ్ళు కలిసి పనిచేసే చోట నమ్మకం మెల్లగా పెరుగుతుంది. ప్రాజెక్టు పనిలో అంత సమయం లేదు. నమ్మకాన్ని మొదటి రోజు నుంచే నాయకుడు కట్టాలి. మేనేజ్‌మెంట్ శిక్షణల్లో ఇప్పుడు తరచుగా వినబడుతున్న "అడాప్టివ్ లీడర్‌షిప్" అనే మాటకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది.

మారవలసింది ఎవరు?

హార్వర్డ్‌లో బోధించిన రొనాల్డ్ హైఫెట్జ్ 1994లో రాసిన పుస్తకంతో ఈ ఆలోచనకు పేరొచ్చింది. ఆయన సమస్యలను రెండు రకాలుగా చూశాడు. కొన్నిటికి తెలిసినవాడు వచ్చి బాగుచేస్తే సరిపోతుంది. మోటారు కాలిపోతే మెకానిక్కును పిలుస్తాం. ఇంకొన్నిటికి అలా పిలవగలిగే నిపుణుడు లేడు. ఆ సమస్యలో ఉన్న మనుషులే తమ అలవాట్లను, భయాలను, ఒకరినొకరు చూసే తీరును మార్చుకోవాలి. రెండో రకం సమస్యకు మొదటి రకం మందు వేయడమే నాయకులు తరచుగా చేసే పొరపాటు అంటాడాయన.

మా కుర్రవాడి సైటునే చూడండి. ప్రమాదం తర్వాత యాజమాన్యం ఏం చేసింది? కొత్త జాకీలు తెప్పించింది, ఇంకో సేఫ్టీ బోర్డు పెట్టించింది. జాకీలు మంచివే, కావలసినవే. అయితే ఆ రోజు అసలు విరిగింది జాకీ కాదు. కూలికీ మేస్త్రీకీ మధ్య, సూపర్‌వైజరుకూ ఇంజినీరుకూ మధ్య మాట నడిచే దారి అప్పటికే విరిగి ఉంది. దాన్ని బాగుచేసే సామాను ఏ దుకాణంలోనూ దొరకదు.

నాయకుడు అప్పుడప్పుడు పని మధ్య నుంచి లేచి మేడ ఎక్కి మొత్తాన్ని చూడాలని కూడా హైఫెట్జ్ చెబుతాడు. మంచి మాటే. మేము దానికి ఒకటి కలుపుతాం. మేడ మీద నుంచి చూస్తే జాకీ కింద మట్టి కనబడదు. అది కిందివాడికే కనబడుతుంది. కాబట్టి మేడ ఎక్కిన నాయకుడికి కిందివాడి కళ్ళు కావాలి. ఆ కళ్ళు తనవి కావాలంటే ముందు ఆ మనిషి తనవాడు కావాలి.

భయం ఉన్నచోట టీం ఉండదు

హోసూరు చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. 2001లో టీవీఎస్‌కు జపాన్ సుజుకీతో ఉన్న భాగస్వామ్యం ముగిసింది. అన్నాళ్ళూ అక్కడి నుంచి వచ్చిన సాంకేతికతను ఇక తామే సమకూర్చుకోవాలి. ఆ ఏడాదే సొంతంగా రూపొందించిన విక్టర్ మోటారు సైకిలును తెచ్చారు. మరుసటి ఏడాది, 2002లో, నాణ్యతకు ఇచ్చే డెమింగ్ బహుమతి ఆ కంపెనీకి దక్కింది. ఎవరి పేరు మీద ఆ బహుమతి ఉందో ఆ అమెరికన్ గణాంక శాస్త్రవేత్త డెమింగ్ యాజమాన్యాలకు 14 సూత్రాలు చెప్పాడు. పనిచేసేవారి మనసులోంచి భయాన్ని పోగొట్టాలన్నది వాటిలో ఒకటి. ఆయన యంత్రాలూ లెక్కలూ తెలిసిన మనిషి. అయినా మంచి సరుకు తయారవడానికి భయం అడ్డమని గుర్తించాడు.

హార్వర్డ్‌కే చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. మంచి టీంలలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క చూస్తే తలకిందులుగా వచ్చింది. బాగా కలిసి పనిచేసే టీంలలోనే పొరపాట్లు ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే తేలింది ఏమిటంటే, వాళ్ళు పొరపాట్లు ఎక్కువ చేయడం లేదు, దాచుకోకుండా చెబుతున్నారు. మిగతావాళ్ళు నోరు మూసుకుంటున్నారు. ఏ ఫిర్యాదూ రాని సైటును చూసి "మా దగ్గర అంతా బాగుంది" అనుకునే యజమాని ఈ సంగతి ఆలోచించాలి. ఆ నిశ్శబ్దం సంతోషమో భయమో అతనికి ఎలా తెలుస్తుంది?

పరిపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని యోహాను మొదటి పత్రికలో చదువుకుంటాం. దాన్ని పెళ్ళి ప్రసంగాలకే పరిమితం చేశాం. సైటుకూ, షిఫ్టుకూ ఆ వాక్యంతో పని లేదనుకున్నాం.

నెహెమ్యా పని ఆపాడు

"అయ్యగారూ, బైబిలు చెప్పడం తేలిక. గడువు దాటితే రోజుకు ఇంతని జరిమానా. ప్రతి కూలి మాటా వింటూ కూర్చుంటే ప్రాజెక్టు ఎప్పటికి అవుతుంది?" మా సంఘంలోనే కాంట్రాక్టు పనులు చేసే ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్న. జవాబు కోసం బైబిల్లో గడువు మీద నడిచిన ఒక ప్రాజెక్టు దగ్గరికే వెళ్దాం.

యెరూషలేము గోడ 52 రోజుల్లో పూర్తయిందని నెహెమ్యా గ్రంథం 6వ అధ్యాయం చెబుతుంది. 3వ అధ్యాయంలో టీం జాబితా ఉంది. యాజకులు, కంసాలులు, సుగంధద్రవ్యాలు చేసేవారు, వర్తకులు, షల్లూము కుమార్తెలు. కట్టడపు పని తెలిసినవారు తక్కువ. తెకోవ పెద్దమనుషులు మెడ వంచలేదని కూడా దాపరికం లేకుండా రాసి ఉంది. 4వ అధ్యాయంలో శత్రువుల బెదిరింపు రాగానే నెహెమ్యా పని తీరు మార్చాడు. సగం మంది కడుతుంటే సగం మంది కాపలా కాశారు. ఇంతవరకు నాయకత్వ సెమినార్లలో అందరూ చెబుతారు.

5వ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి చాలామంది పేజీ తిప్పేస్తారు. గోడ కడుతున్న పేదలూ వాళ్ళ భార్యలూ మొరపెట్టుకుంటారు. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువపెట్టామని, పన్ను కట్టడానికి అప్పు చేశామని, పిల్లలను దాసులుగా ఇవ్వవలసి వచ్చిందని. అప్పిచ్చి పీడించినవారు శత్రువులు కారు, సొంత జనంలోని పెద్దలే. శత్రువు గుమ్మం ముందు ఉన్నాడు, గడువు తరుముతోంది. "ఇప్పుడు సమయం కాదు, గోడ అయ్యాక చూద్దాం" అనడానికి నెహెమ్యాకు అన్ని కారణాలూ ఉన్నాయి. ఆయన అలా అనలేదు. మహాసభ కూర్చాడు. పెద్దలను అందరి ముందు నిలదీశాడు. తానూ తన సహోదరులూ కూడా అప్పులిచ్చామని ఒప్పుకుని, మనమంతా ఈ పని మానేద్దామన్నాడు. పొలాలు తిరిగి ఇప్పించాడు. అధిపతిగా తనకు రావలసిన భత్యాన్ని పన్నెండేళ్ళు ముట్టలేదు.

ఇంత చేసి కూడా గోడ 52 రోజుల్లో లేచింది. ఆ మొర వినడం వల్ల ఆలస్యమైందని గ్రంథం ఎక్కడా చెప్పదు. వినబట్టే గోడ నిలిచిందని మేము నమ్ముతున్నాం. ఆకలితో, అవమానంతో ఉన్నవాడు ఇంకొకడి గోడను ఎంతకాలం మోస్తాడు? మా కుర్రవాడి సైటులో పది నిమిషాలు ఆగనందుకు పన్నెండు రోజులు పని ఆగింది. ఆ పెద్దాయనకు మేము ఈ లెక్కే చెప్పాం. అందరి మాటా వినాలంటే అందరూ చెప్పినట్టల్లా చేయాలని కాదు. చివరి నిర్ణయం నాయకుడిదే. వినకుండా తీసుకున్న నిర్ణయానికి మాత్రం వెల ఎప్పుడూ కిందివాడే కడతాడు.

యూదు రబ్బీల పాత కథ ఒకటి బాబెలు గోపురం గురించి ఉంది. గోపురం మీద నుంచి మనిషి జారిపడి చనిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదట. ఇటుక జారిపడితే మాత్రం, మళ్ళీ ఇంకోటి ఎప్పుడు పైకి చేరుతుందో అని కూర్చుని ఏడ్చేవారట. బాబెలూ ప్రాజెక్టే, యెరూషలేము గోడా ప్రాజెక్టే. మన సైటు వీటిలో దేనికి దగ్గరగా ఉందో మనకు మనమే అడుగుకోవాలి.

వంగమనడం వేరు, మారడం వేరు

ఇక్కడ ఒక హెచ్చరిక. "పరిస్థితికి తగ్గట్టు మారాలి" అనే మాటను కిందివాడిని వంచడానికి వాడేవారున్నారు. 2023 ఏప్రిల్ 21న తమిళనాడు శాసనసభలో ఫ్యాక్టరీల చట్ట సవరణ బిల్లు ఆమోదం పొందింది. పని వేళల్లో సడలింపు అన్నారు. రోజుకు 12 గంటల పనికి అది తలుపు తీస్తుందని కార్మిక సంఘాలూ, ప్రభుత్వానికి మిత్రులైన పార్టీలూ ఎదురు నిలిచాయి. మూడు రోజుల్లో దాన్ని పక్కన పెట్టారు. మే డే రోజున వెనక్కి తీసుకుంటున్నట్టు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రకటించారు. ఆ బిల్లు తేవడం తప్పని మా అభిప్రాయం. విని వెనక్కి తగ్గడం మాత్రం నాయకత్వమే. వెనక్కి తగ్గడాన్ని ఓటమి అనుకునే నాయకుడు ఏ ప్రాజెక్టునూ కాపాడలేడు.

వినే చెవి లేకపోతే ఏమవుతుందో 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరులో చూశాం. ఫాక్స్‌కాన్ ఐఫోన్ కర్మాగారంలో పనిచేసే మహిళలు ఉండే హాస్టల్లో తిండి పాడై 250 మందికి పైగా అస్వస్థులయ్యారు. తమ తోటివారికి ఏమైందో తెలియక, అడిగితే చెప్పేవారు లేక, ఆ ఆడపిల్లలు చెన్నై–బెంగళూరు రహదారి మీద కూర్చున్నారు. మన కృష్ణగిరి, హోసూరుల మీదుగా వెళ్ళే రహదారే అది. దాదాపు 17,000 మంది పనిచేసే కర్మాగారం మూతబడింది. భోజనశాలలో ఒక మంచి చెవి ఉంటే సరిపోయే మాట రహదారి దాకా వెళ్ళవలసి వచ్చింది.

మన తెలుగువారికి ఒక పని

ఇక మనవారి సంగతి. హోసూరు, బాగలూరు, తళి, డెంకణికోట, శూలగిరి ప్రాంతాల తెలుగువారికి మాట వినబడకపోవడం అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. 2006 తమిళ బోధన చట్టం తర్వాత పదో తరగతి పరీక్షలో తల్లినుడిని నిలుపుకోవడానికి అల్పసంఖ్యాక భాషలవారు కోర్టుల దాకా వెళ్ళారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం, సైటులో ఎంతో కొంత హిందీ. దీన్ని మనం భారమనుకున్నాం. దేవుడు దీన్ని వరంగా ఇచ్చాడేమో!

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందడం లేదని సణుగు పుట్టింది. భాష వేరైనవారి ఫిర్యాదు అది. అపొస్తలులు దాన్ని అణచలేదు, అంతా తామే చేస్తామనీ అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వారి మాట తెలిసినవారి చేతికే పని అప్పగించారు. పరిస్థితికి తగ్గట్టు మారిన నాయకత్వానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు.

యౌవన సోదరులారా, సోదరీలారా, మీలో చాలామంది ఇప్పుడు సూపర్‌వైజర్లు, లైన్ లీడర్లు, సైటు ఇంజినీర్లు. పైవాడికీ కిందివాడికీ మధ్య నిలబడినవారు. మీకు మూడు మాటలు. షిఫ్టు మొదలయ్యే ముందు పది నిమిషాలు ఆగి, అందరికంటే కొత్తగా వచ్చినవాడిని ముందు అడగండి, అతని భాషలో అడగండి. ప్రమాదం చూసి పని ఆపినవాడికి కూలి కోయబోమని మీ పైవాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పించండి. ఒప్పుకోకపోతే, కనీసం మీ నోటి నుంచి "నీ పని నువ్వు చూసుకో" అనే మాట రాకుండా చూసుకోండి.

సంఘాలకూ పని ఉంది. కట్టడ కూలీల కోసం 1996లోనే కేంద్ర చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు కట్టడపు పని చేసినవారు సంక్షేమ బోర్డులో నమోదు కావచ్చు. ఈ సంగతి తెలియని కూలీలు మన మందిరాల పక్క రేకుల షెడ్లలోనే ఉన్నారు. ఫారం నింపిపెట్టే చదువుకున్న పిల్లలు మన సంఘాల్లో ఉన్నారు. ఈ రెండింటినీ కలపడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు.

మేమూ ఒక ఒప్పుకోలు చేయాలి. కొన్నేళ్ళ క్రితం మా మందిరం కట్టేటప్పుడు ప్రతిష్ఠ తేదీ ముందే ప్రకటించేశాం. తేదీ దగ్గరపడ్డాక రాత్రి పది దాకా లైట్లు పెట్టి పని చేయించాం. కూలీలు అలసిపోయారని మేస్త్రీ చెబితే, "ప్రభువు పని కదా, కాస్త సర్దుకోండి" అన్నాం. ఆఖరి వారం కూలి పదిహేను రోజులు ఆలస్యంగా ఇచ్చాం. పొద్దు గూకకముందే కూలివాడి కూలి ఇవ్వాలని, అతడు స్వజనుడైనా పరదేశియైనా అదే న్యాయమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం మీద అంతకుముందే మేము ప్రసంగం చేసి ఉన్నాం. నెహెమ్యా "మనమూ" అన్నచోట మేము "మీరు" అంటూ వచ్చాం. మా కుర్రవాడు ఏడ్చిన రోజున మాకు గుర్తొచ్చింది అదే.

ఆ తర్వాత వారం మేమిద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. కాలికి కట్టుతో పడుకున్న ఆ ఒడిశా అబ్బాయి మా కుర్రవాడిని చూసి మొహం తిప్పుకుంటాడనుకున్నాం. నవ్వాడు. కాసేపటికి, ఆ రోజు తాను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందని హిందీలో అన్నాడు. తప్పు తనదేనన్నట్టు! ఆ మాట మాకు ముల్లులా దిగింది. గట్టిగా అరిస్తేనే వినబడే చోటుకు టీం అని పేరు పెట్టుకున్నాం.

మా కుర్రవాడు ఇప్పుడు వేరే సైటులో ఉన్నాడు. రోజూ పొద్దున్నే, పని మొదలు కాకముందు, "ఇవాళ ఏం చూశావు?" అని అడగడం ఒడియాలో నేర్చుకున్నాడు. ఉచ్చారణ విని వాళ్ళు నవ్వుతారట. నవ్వి, చూసింది చెబుతారట.

వినే చెవిని మన సైట్లకూ, మన సంఘాలకూ ప్రభువు దయచేయును గాక. ఆమేన్.